సూది మొన

మా కుట్టుగదిలో సూది విరిగితే కొత్తది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ వెతికి, రిజిస్టరులో గీసి ఉన్న సూది బొమ్మ మీద పేర్చి, టేపుతో అంటించాలి. బొమ్మ నిండితేనే కొత్త సూది చేతికొస్తుంది. మేం కుట్టేది పసిపిల్లల చొక్కాలు మరి.

టిచ్ బటన్లు వేసి వచ్చిన చొక్కాలకు మెడ దగ్గర సైజు చీటీ కుట్టడం నా పని. ఆ రోజు పదకొండింటికి నా సూది టక్కున విరిగింది. పై ముక్క మిషన్‌లోనే ఉంది. మొన ఎగిరిపోయింది. బియ్యపుగింజలో సగం ఉంటుందేమో. కుడుతున్న చొక్కా తిరగేసి చూశాను, లేదు. గోడకు వేలాడే పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పాను. గుండుసూదులు వచ్చాయి, ఎవరిదో తలపిన్ను వచ్చింది, మొన రాలేదు. ఇక మిగిలింది పక్కనున్న ముప్పై ఆరు చొక్కాల కట్ట. ఒక్కోదానికి మూడు బటన్లు. అయస్కాంతం పెడితే బటన్లన్నీ అతుక్కుంటాయి, ఇంక మొన ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

పనిలో చేరి ఇరవై రోజులు. నాకు ముందు ఆ మిషన్ మీద కూర్చున్నమ్మాయిని మొన దొరకలేదనే ఇంటికి పంపేశారట. ఏడో తరగతిలో ఆగిపోయినదాన్ని. పక్క గదిలో బిడ్డను పెట్టుకోనిచ్చే పని నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? చేతిసూది ఒకటి తీసి, కొస విరిచి, బొమ్మ మీద అంటించేశాను. సూపర్‌వైజర్ అక్క కళ్ళజోడు నెత్తి మీదే ఉంది. చూడకుండానే సంతకం పెట్టింది. కట్ట ప్యాకింగ్ బల్ల మీదకు వెళ్ళిపోయింది.

భోజనాల వేళ పాలివ్వడానికి వెళ్ళాను. నా కూతురికి తొమ్మిదో నెల, పళ్ళొస్తున్నాయి. తన చొక్కా మెడ నోట్లో కుక్కుకుని చప్పరిస్తోంది. సరిగ్గా మెడే. చీటీ కుట్టే చోటే. పాలు సగంలో ఆపి, ఏడుస్తున్న పిల్లను ఆయా చేతిలో పెట్టి పరిగెత్తాను.

"అక్కా, నేనంటించిన మొన దొంగది."

"ఏంటీ?"

"చేతిసూది విరిచి పెట్టాను. అసలుది దొరకలేదక్కా."

అక్క కళ్ళజోడు కిందికి దించి నన్ను ఎగాదిగా చూసింది. "బుర్ర ఉందా నీకు? బిడ్డతల్లివేగా!"

"అందుకే చెబుతున్నా."

అక్క ప్యాకింగ్ బల్ల దగ్గరికి నడిచింది, వెనకే నేను. నాలుగింటికి వ్యాను వస్తుంది. ఇద్దరం కుట్టు కుట్టూ వేళ్ళతో నొక్కుతూ కూర్చున్నాం. రెండు చొక్కాలకే పావుగంట పట్టింది. బటన్లు వేసే ఆవిడ, అందరికీ బటన్ల పిన్ని, పక్కన చేరింది.

"కథలో రాకుమారి నెత్తిన సూది దిగితే పిట్టయిపోయిందే తల్లీ. ఇక పసిపిల్లలనగా ఎంత!"

నాకు ఏడుపొచ్చేసింది.

"ఊరుకో పిన్నీ, దాన్ని చంపేసేలా ఉన్నావు," అంది అక్క. "సూది పీకాక ఏమైందో అది చెప్పు."

"మళ్ళీ మనిషయింది."

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా!"

పిన్ని నవ్వి, "అయినా అయస్కాంతం తీయరేంటే?" అంది.

"నీ బటన్లు అతుక్కుంటాయి కదా పిన్నీ," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నావి ఇత్తడివమ్మా! రోజూ కిందపడ్డవి ఒక్కొక్కటే వంగి ఏరుకుంటున్నాను. అయస్కాంతానికి వచ్చేవైతే నా నడుం ఇలా ఎందుకుంటుంది?"

అక్కా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. అయస్కాంతం తెచ్చి ఒక బటన్‌కు ఆనించాను. బటన్ కదల్లేదు, ఉలకలేదు. ఆ తర్వాత ఒక్కో చొక్కా బల్ల మీద పరిచి, అయస్కాంతాన్ని పైపైన జరుపుతూ పోయాను. పది. ఇరవై. చూసినవాటిని పిన్ని పక్కన పేర్చింది. ఇరవై తొమ్మిదో చొక్కా మెడ, ఎవరో లోపలి నుంచి తోసినట్టు, మెల్లగా పైకి లేచింది.

మడత విప్పాను. మెత్తటి అల్లికలో తగులుకుని ఉంది. మొన.

అక్క రిజిస్టరు తెచ్చి దొంగముక్క పీకేసి, దీన్ని పెట్టింది. బొమ్మకు అచ్చంగా సరిపోయింది. దాని కింద జరిగిందంతా నా చేతే రాయించింది. తప్పుల తడకే, అయినా అంతా రాశాను.

"రేపు రానా అక్కా?" అని అడిగాను.

"రాకపోతే ఈ అయస్కాంతం ఎవరు తిప్పుతారు? ఇకనుంచి ప్రతి కట్టా నీ చేతి మీదుగానే బయటికి పోవాలి. నెలరోజులు మిషన్ జోలికి మాత్రం వెళ్ళావంటే ఊరుకోను."

"వెళ్ళనక్కా."

"వెళ్ళు, ముందు పిల్లకు పాలివ్వు."

నేను మళ్ళీ అయస్కాంతం అందుకున్నాను. "దొరికిందిగా, ఇంకేం చూస్తావే?" అంది పిన్ని. ఇంకా ఏడు చొక్కాలున్నాయి. అవీ ఒక్కొక్కటే పరిచి చూసి, అప్పుడు వెళ్ళాను.