ప్రతి స్టాపులోనూ ఆగే కారు

నేను బతుకంతా సిటీ బస్సు నడిపినవాణ్ణి. అందుకే లెర్నర్ లైసెన్సు రాగానే నా మనవరాలు, "తాతయ్యా, నువ్వే నేర్పాలి" అని పట్టుబట్టింది. పక్కన లైసెన్సున్న పెద్దవాళ్లు కూర్చోవాలి, ఇంకెవర్నీ ఎక్కించకూడదు. అదీ రూలు. కూర్చున్నాను. నాకొచ్చిందంతా నేర్పాను. అద్దం చూడటం, గేరు మార్చటం, బస్టాపు కనబడగానే మెల్లిగా పక్కకి తీసి ఆపటం.

ఆ ఆఖరిది కారుకి అక్కర్లేదని మా ఇద్దరికీ తట్టలేదు.

సోమవారం దానికి టెస్టు. ముందురోజు ప్రాక్టీసుకి వెళ్లాం. ఆసుపత్రి స్టాపులో ఆపింది. నా చెయ్యి దానంతటదే వెనక్కెళ్లి తలుపు తీసింది. సంచీతో ఒక పెద్దావిడ ఎక్కి కూర్చుంది.

"జరగాలమ్మా, ముందుకి జరగాలి" అన్నాను.

"తాతయ్యా! ఎవరీవిడ?" అని మనవరాలు కెవ్వుమనేలోపే ట్రాఫిక్ ఎస్సై వచ్చి అద్దం మీద తట్టాడు. దాని లైసెన్సు కాగితం చూశాడు. వెనక్కి చూశాడు.

"ఈవిడెవరు?"

"పాసింజరండీ" అన్నాను.

మనవరాలు నా తొడ మీద గిల్లింది. ఇప్పటికీ కమిలే ఉంది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నదీ అదే. నవ్వకుండా రాయవే.

"ఓహో! లెర్నర్ లైసెన్సు మీద అద్దెకి కూడా తిప్పుతున్నారా? ఈ కాగితం రద్దు చేస్తే ఆర్నెల్లు టెస్టు ఊసే ఉండదు, తెలుసా? మీమీద కేసు వేరే."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆంటీ, దిగండి, ప్లీజ్!"

"నా స్టాపు రాలేదమ్మా."

"దిగమంటుంటే మిమ్మల్నే!" అన్నాడు ఎస్సై.

"రానివ్వు నాయనా, దిగుతా."

ఇక లాభం లేదని గొంతెత్తి అరిచాను. "లాస్ట్ స్టాప్! బండి షెడ్డుకెళ్తుంది! అందరూ దిగాలి!"

ఆవిడ ఠక్కున సంచీ తీసుకుని దిగిపోయింది. ఎస్సై కూడా ఒకడుగు వెనక్కేశాడు. ఆ తర్వాత నవ్వాపుకోలేక కాగితం తిరిగిచ్చేశాడు.

"ఈసారికి పొండి. ఇంకో స్టాపులో ఆగితే మాత్రం ఊరుకోను."

మర్నాడు టెస్టు దారిలో ఉన్న స్టాపులో వెళ్లి నిలబడ్డాను. మా కారొచ్చింది. మనవరాలి పక్కన టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరున్నాడు. ఉండబట్టలేక చెయ్యెత్తాను.

మెడ కూడా తిప్పకుండా రయ్యిన వెళ్లిపోయింది.

పాసైంది. స్టాపులో నన్నొదిలేసి పోయిన బండిని చూసి నేను చప్పట్లు కొట్టటం అదే మొదటిసారి.