అద్దం పక్కన బంతిభోజనం

సముద్రం మొహం చూడని కర్నూల్లో చేపముక్కను అన్నంలో చుట్టి పెట్టే జపాను హోటలు తెరిచిన మహానుభావుడెవరో గానీ, తెరిచిన రోజు నుంచి అందులో జనం తగ్గలేదు. తినేవాళ్ళకంటే ఫోటోలు దిగేవాళ్ళే ఎక్కువనుకోండి. రాజ్‌విహార్ సెంటర్లో, రోడ్డు వైపంతా నిలువెత్తు అద్దం. లోపల కుర్చీల్లేవు. పొట్టి బల్లలు, వాటి వెనక గోడవారగా పరుపులు. చెప్పులు వాకిట్లోనే విడవాలి. వాటిని హోటలు మనిషి తీసుకుపోయి ఎక్కడో అరలో పెట్టేస్తాడు. సబీనా చెప్పులు కూడా అట్లాగే పోయాయి.

పాతబస్తీలో జాకెట్లు కుట్టే అంగడి సబీనాది. కొలతలిచ్చేవాళ్ళు, కుట్టు బాగాలేదని సాధించేవాళ్ళు తప్ప, కలిసి తిందాం రమ్మని ఆమెను పిలిచిన మనిషి లేదు. హర్షిణి పిలిచింది. జాకెట్టు కోసం వచ్చి, స్టూలు మీద కూర్చొని కబుర్లలో పడి, ఆనక పొద్దున్నే నడకకు తోడైంది. పెద్దింటి మనిషి, అయినా బడాయి లేదు. ఈ వయసులో ఇట్లాంటి స్నేహం దొరికినందుకు సబీనాకు లోలోపల పండగ్గా ఉంది.

ఆ పండగలో ముల్లు ఒక్కటే, సోమవారం కోర్టు. అంగడి ముందర బొరుగుల ఉగ్గాని బండి పెట్టుకునే భీమక్క మొగుడు సోమన్నను పోయిన ఎండాకాలం ఒక కారు గుద్దింది. మోకాటి కింద కాలు తీసేశారు. స్టీరింగు ముందు నుంచి దిగింది మీసం కూడా రాని పిల్లోడని సబీనా కళ్ళారా చూసింది. కారువాళ్ళేమో డ్రైవరు నడిపాడంటున్నారు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, పోలీసులొచ్చేసరికి అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. మిగిలింది సబీనా ఒక్కతే. "నువ్వు ఉండావనే ధైర్యంతో ఉండాను సబీనమ్మా," అని భీమక్క రోజూ ఆమె చెయ్యి పట్టుకుంటుంది.

హర్షిణి అద్దం పక్క బల్లే ఏరుకుంది. ఎదురుగా కాకుండా సబీనా పక్కనే కూర్చుంది. "రోడ్డు చూస్తా తినొచ్చు," అంది.

రోడ్డు కూడా మనల్ని చూస్తుంది కదా అని సబీనాకు తోచింది. పాతబస్తీ ఆటో ఒకటి సిగ్నలు దగ్గర ఆగింది. లోపలివాళ్ళు తలలు తిప్పి చూశారు. సబీనా దుపట్టా సర్దుకుంది.

"ఇది ఉడికిచ్చిన చేపే. నీకు ఇబ్బంది లేకుండా ముందే అడిగి పెట్టినా," అంది హర్షిణి. "సగం కొరకగూడదు. ముద్ద మొత్తం ఒకేసారి పెట్టుకోవాల."

సబీనా పెట్టుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బాయి. అందులోని పచ్చముద్ద ఘాటు నూరిన ఆవాల్లాగా ముక్కుకెక్కి కళ్ళు కారాయి. హర్షిణి నవ్వింది, సబీనాకూ నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడు ఒక పిల్లోడొచ్చి, "నమస్తే అక్కా," అని సబీనాకు రెండో పక్కన కూర్చున్నాడు.

"మా అన్న కొడుకు భూపేష్," అంది హర్షిణి.

సబీనా నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఆ రోజు కారు దిగింది వాడే. మింగుదామంటే ముద్ద దిగదు, ఊసేద్దామంటే మర్యాద కాదు, నోరు తెరిచి ఒక్క మాట అనే దారి లేదు. "ఇటు చూడండి మేడం," అంటూ హోటలు మనిషి హర్షిణి ఫోనుతో ఫోటో తీసేశాడు.

ఎట్లాగో మింగాక సబీనాకు వాళ్ళ నాయన ఇమాం బాషా మాట గుర్తొచ్చింది. ఆత్మకూరులో ఆయన పంచాయితీ పెద్ద. రాజీ అంటే కాయితం కాదు, రెండు పక్షాలూ ఒకే బంతిలో కూర్చొని తినడం అనేవాడు. తిన్నాక ఒకరి మీద ఒకరు నోరెత్తకూడదు. అది ఊరందరికీ తెలిసిన కట్టుబాటు.

"ఈ పిల్లోని మేనత్తవని నాకు చెప్పలేదే," అంది సబీనా.

"నువ్వు అడగలేదు గద."

"సోమవారం నేను చూసిందే చెప్తా."

"చెప్పు. నేను వద్దంటినా?" హర్షిణి బల్ల కింద ఫోనులో ఏదో నొక్కి పక్కన పెట్టింది. "తిను, ఇంగా వస్తాండాయి."

ఆ నెమ్మదే సబీనాను కట్టేసింది. బెదిరిస్తే ఎదురు తిరిగేది. బతిమాలితే కాదనేది. ఏమీ అడగని మనిషిని ఏమని కాదనాలి? వెనక గోడ, ముందు బల్ల, అటు అత్త, ఇటు అల్లుడు. లేవబోయినప్పుడల్లా ఇంకో ప్లేటు వచ్చింది.

భూపేష్ ఏమీ ముట్టలేదు. చాలాసేపటికి, "ఆ అంకులు నడుస్తాండాడా అక్కా?" అని గొణిగాడు.

"నువ్వు తిను," అంది హర్షిణి.

ఇక ఉండలేక సబీనా పిల్లోడి మోకాళ్ళు దాటుకొని బయటపడింది. చెప్పులు అడగడానికి కూడా ఆగలేదు. తారు కాళ్ళను కాలుస్తుంటే ఆటో ఎక్కింది.

అంగడి ముందర భీమక్క ఖాళీ బాణలి తోముతోంది.

"అక్కా, ఏమన్నా ఉంటే ఒక ప్లేటు పెట్టు," అంది సబీనా. పదిమంది చూస్తుండగా ఇక్కడ తినాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది.

"కడుపునిండా తినొచ్చినావు గదమ్మా," అంది భీమక్క తల ఎత్తకుండా.

"వాళ్ళ మనిషని నాకు తెలీదక్కా. సోమవారం చూసిందే చెప్తా. అల్లా మీద ఆన."

"ఎవురికి చెప్తావు?" భీమక్క చెయ్యి ఆగింది. "వాళ్ళ వకీలు సందు మొదట్లోనే కాచుకొనుండె. ఫోను తీసి ఫోటో చూపిచ్చె. ఆ పిల్లోని పక్కనే కూర్చొని, నోటినిండా కూడు పెట్టుకొని నవ్వుతాండావు. ఇంగ మాకెవురుండారని? మా ఆయనతో రాజీకి ఏలుముద్ర ఏపిస్తి. నువ్వు ఆడ తినేలోపల ఈడ అంతా అయిపాయ."

సబీనాకు అప్పుడర్థమైంది. హర్షిణి తననేమీ అడగలేదంటే, తన నోటితో ఆమెకు పని లేదు. పని భీమక్క నమ్మకంతోనే. ఇన్నాళ్ళ నడక, కబుర్లు, స్టూలు మీద నవ్వులు, అన్నీ ఆ ఒక్క ఫోటో కోసమే.

చేతిలో ఫోను మోగింది. అలవాటు కొద్దీ ఎత్తింది.

"చెప్పులు మర్చిపోతివి సబీనా," అంది హర్షిణి, ఎప్పటి తియ్యటి గొంతుతోనే. "రేపు నడకకొచ్చేటప్పుడు తెస్తాలే."

ఆ గొంతు భీమక్కకూ వినపడింది. రోజూ పొద్దున బండి పక్కన సబీనా కూర్చొని తినే స్టూలును ఎత్తి బండి మీద బోర్లించింది. ఒకప్పుడు సోమన్న పట్టే వైపు ఖాళీగా ఉంది. ఒక్కతే తోస్తుంటే బండి కదల్లేదు. సబీనా వెళ్ళి ఆ వైపు చెయ్యి వేసింది.

"వద్దులేమ్మా," అంది భీమక్క.