సంచిలోంచి తీసేసిన కవరు

తలుపు పక్క కొక్కేనికి వేలాడే ఆ ఒక్క సంచి చాలు, వాగు పొంగిందంటే ఆ ఇంటిల్లిపాదీ ఏడు నిమిషాల్లో వీధిలో ఉంటారు. కావాలంటే పందెం కడతాను. ఆ ఇల్లాలి సర్దుడు అలాంటిది మరి. ప్రతి నెలా మొదటి ఆదివారం సంచిని మంచం మీద బోర్లిస్తుంది. అత్తగారి బీపీ మాత్రల గడువు చూస్తుంది, టార్చి వెలిగించి చూస్తుంది, ఇంటి కాగితాలనూ మొగుడి రెండో కళ్లజోడునూ నీళ్లు చొరని కవర్లలో చుడుతుంది. పదకొండేళ్లుగా ఇదే వరస.

"గుమ్మంలోకి వస్తానని వాగు నీకేమైనా ఉత్తరం రాసిందేమోయ్?" అని మొగుడు నవ్వేవాడు. "మా కోడలికి పనేం లేదు, కూర్చుని భయాలు అల్లుకుంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. టార్చిలోని బ్యాటరీలు టీవీ రిమోట్‌లోకి పోయేవి, బిస్కెట్లు ఎవరి నోట్లోకో పోయేవి. ఆమె మళ్లీ నింపేది. చేసినన్నాళ్లూ ఎవరికీ కనిపించని పని, ఒక్క నెల మానితే అందరూ నిలదీసే పని. ఈమధ్యే సంచి అడుగున తనదంటూ ఒకటి పెట్టుకుంది. మామూలు నీలం కాగితం కవరులో, పెళ్లికి ముందు చదివిన ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు సర్టిఫికెట్లు. సోమవారం ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. అసలు కాగితాలే తేవాలన్నారు.

గురువారం మధ్యాహ్నం మైకు వ్యాను వచ్చింది. వాగు గట్టు తెగింది, అందరూ బడి మేడకు పొమ్మని. ఆమె గ్యాసు కట్టేసింది, మెయిన్ స్విచ్ దించింది, అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఏడు నిమిషాలన్నానా? కోతలు లెండి. ముప్పావుగంట పట్టింది. మొగుడుగారి బూట్లు దొరకడానికే అందులో అరగంట.

తరగతి గదిలో బెంచీ మీద సంచి విప్పింది. మాత్రలున్నాయి. కళ్లజోడుంది. నీలం కవరు లేదు. దాని చోట ఆయన గడ్డం గీసుకునే సామాను ఉంది.

"ఏమండీ, నా కవరేదీ?"

"అదా! పట్టకపోతే మొన్న తీసి టీవీ బల్ల కింద పెట్టాను. పాత కాగితాలేగా?"

"విప్పి చూశారా?"

"చూడ్డానికేముంది అందులో?"

టీవీ బల్ల కింద ఈపాటికి నడుము లోతు నీళ్లు. ఆమెకు ఏడుపు రాలేదు. చదివి, పనికిరాదనుకుని తీసి ఉంటే కోపమైనా వచ్చేది. ఆయన విప్పనే లేదు. ఇంట్లో ఎవరికి ఏ మాత్ర, ఎవరికి ఏ నంబరు అద్దం, ఎవరికి ఏది లేకపోతే నిద్ర పట్టదో ఆమె మనసులో అరలు అరలుగా ఉంది. ఆ ఇంట్లో ఇంకెవరి మనసులోనూ ఆమెకంటూ ఒక్క అర కూడా లేదు. నీళ్లు రాకముందే తన కవరు మునిగిపోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

లేచి వెళ్లి, పేర్లు రాసుకుంటున్న పంతులమ్మనడిగి ఒక తెల్లకాగితం తెచ్చుకుంది. సర్టిఫికెట్ల నకళ్లు కావాలని కాలేజీకి దరఖాస్తు రాసింది. సంచి తెచ్చి మొగుడి ఒళ్లో పెట్టింది.

"సోమవారం నేను ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. ఈ దరఖాస్తు చూపించి నకళ్లకు గడువడుగుతాను. ఇకనుంచి సంచి మీరు సర్దండి."

"నాకేం తెలుసే, ఏది ఎక్కడుంటుందో?"

"పదకొండేళ్లు మీ కళ్లెదుటే సర్దాను."

మొగుడు తలదించుకుని, "తప్పు నాదే" అన్నాడు.

ఇంతవరకూ నేను చెప్పిందంతా జరిగిందే. ఆ చివరి రెండు మాటలు మాత్రం నా కల్పన. ఆయన అనలేదు. ఆమె వాటికోసం ఆగనూ లేదు.