వాషింగ్ మెషీన్ ప్లగ్గుకి నక్షత్రం

"ఆ ప్లగ్గు వాషింగ్ మెషీన్‌ది," అన్నాను.

"తెలుసక్కా, ఇక్కడికి తప్ప వైరు అందట్లేదు," అంది నా తోడికోడలు, బాల్కనీలో స్టూలు మీద మునివేళ్ళపై నిలబడి. ఆమె చేతిలో కాగితపు క్రిస్మస్ నక్షత్రం.

"అయితే దుప్పట్లు ఎప్పుడు ఉతకాలి?"

"నక్షత్రం తీసేశాక."

"అంటే నెలాఖరుకా?"

నవ్వింది. నేను వైరు లాగేశాను. ఆమె మళ్ళీ పెట్టింది. అత్తయ్య వచ్చి నక్షత్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "పోనీలేవే, చిన్నపిల్ల ముచ్చట. నాలుగు దుప్పట్లు చేత్తో పిండితే అరిగిపోతావా?" అన్నారు.

అత్తయ్య నోట ముచ్చట అనే మాట వినగానే ఎక్కడో కలుక్కుమంది. కాపురానికి వచ్చినప్పుడు నేనూ పెట్టె అడుగున ఇలాంటి నక్షత్రమే తెచ్చుకున్నాను. "మన సంఘంలో క్రిస్మస్ చెయ్యం. ప్రభువు ఫలానా రోజు పుట్టాడని వాక్యంలో ఎక్కడుందో చూపించు," అన్నారు ఇదే అత్తయ్య. చూపించలేకపోయాను. నక్షత్రం అటకెక్కింది. ఆ తర్వాత సంఘ పెద్దలు వచ్చి, పసిపిల్లగా నాన్నమ్మ ఒళ్ళో ఉండగా నాకిచ్చిన బాప్తిస్మం చెల్లదన్నారు. నీళ్ళు చిలకరిస్తే సరిపోదట, మునగాలట. తెల్లబట్టలు కట్టుకుని మునిగాను. మా ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడి, "అయిపోయింది, ఇంకేం లేదు," అన్నాడు, పన్ను పీకించుకున్న పిల్లకి చెప్పినట్టు. ఆ రోజు ఫోనులో అమ్మ ఏడవలేదు. "అంటే మేమిచ్చింది అబద్ధమా?" అని మాత్రం అడిగింది.

తోడికోడలిదీ మా పుట్టింటి చర్చిలాంటి గుడే. ఆమెకీ చిలకరింపే. పెద్దలు వచ్చి కూర్చుంటే, "నాకు ఒకటి ఉందండీ, చాలు," అని టీ ఇచ్చి పంపేసింది. మామయ్య, "కాలం మారింది. అందరం ఒక్క ప్రభువు బిడ్డలమే, కాస్త సహనం ఉండాలి," అన్నారు. ఆ సహనం నేను ఒళ్ళు తుడుచుకున్న ఇన్నేళ్ళకి పుట్టింది. పుట్టాకైనా వెనక్కి తిరిగి నా వైపు ఒక్కసారి చూడలేదు. ఆమె జీతం మీద నాకు అసూయ లేదు. మరిది ఆమె కంచం తీస్తాడు, దాని మీద కొంచెం ఉంది. అసలు మంటంతా ఆ 'చాలు' మీద. అంత చిన్న మాట నాకెందుకు తోచలేదు? ఇప్పుడు ఆ నక్షత్రం వెలిగితే ఒళ్ళు మండుతుంది, ఆర్పేస్తే దిగులుగా ఉంటుంది.

బాత్రూములో దుప్పట్లు తొక్కుతూ అలవాటుగా ఒక క్రిస్మస్ పాట కూనిరాగం తీశాను. పెళ్ళికి ముందు గుడి క్వయర్లో నాది రెండో గొంతు. అసలు పాటకి కింద, పక్కపక్కనే నడిచే వరస. నోటికి అదే వస్తుంది, ఒంటరిగా వింటే పాట తప్పినట్టే ఉంటుంది. మా సంఘంలో అందరూ ఒకే వరసలో పాడతారు. అందుకే నేను ఎప్పుడు గొంతెత్తినా మా ఆయన, "మొదలెట్టావా, నూనె వెయ్యని బండిచక్రం," అంటాడు. అమ్మకి పాటలు రావని పిల్లలు కూడా తీర్మానించేశారు.

తోడికోడలు గుమ్మంలో నిలబడి వింటోంది, సాయానికి వచ్చినట్టు చేతులు పైకి మడుచుకుని. కాసేపాగి అసలు పాట అందుకుంది. నా వరస దాని కింద చక్కగా అమరింది. ఇన్నేళ్ళూ ఒంటికాలి మీద కుంటిన పాట రెండో కాలు నేల మీద ఆనించింది.

"అక్కా, మీరు క్వయర్లో పాడేవారా! ఎవరూ చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదు," అన్నాను. నా పాట సరైనదేనని తేలడానికి కూడా ఆమె గొంతే కావలసి వచ్చింది. దుప్పటిని ఇంకా గట్టిగా పిండాను.

భోజనాల దగ్గర మా ఆయన, "ఇవాళ పాట బాగుందే. మరదలు నేర్పిందా?" అన్నాడు. అందరూ నవ్వారు.

అత్తయ్య నా వైపు తిరిగారు. "క్రిస్మస్ రోజు చిన్నదాని పుట్టింటివాళ్ళు భోజనానికి వస్తారట. మనం పండగ అనకపోయినా వచ్చినవాళ్ళకి పెట్టాలిగా. పొద్దున్నే లేచి వంట చూసుకో."

గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఆ రోజు నేను ఉండనత్తయ్యా. అమ్మావాళ్ళ గుడిలో పాడుతున్నాను. ప్రాక్టీసుకి రేపు సాయంత్రం నుంచే వెళతాను."

"పెద్దలు వచ్చి అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాడు మా ఆయన.

"మా నాన్నమ్మ ఒళ్ళో ఇచ్చిందే నాకు చాలన్నానని చెప్పండి."

తోడికోడలు చటుక్కున తలెత్తింది. అవును, ఆమె మాటే. తీసుకున్నాను, తిరిగిచ్చే ఉద్దేశం లేదు.

"టీ మాత్రం మీరే పెట్టివ్వాలి," అన్నాను మా ఆయనతో.