వాల్వ్ మీద పిట్ట

హ్యూఆన్ నది ఒడ్డున, ఒకప్పుడు ఆపిల్ పళ్లు పెట్టెలకెత్తిన షెడ్డులో ఉంది రోజ్లిన్ పైబస్ ఆఫీసు. పంపులూ వాల్వులూ వాటంతటవే నడిచేలా చూసే చిన్న కంప్యూటర్ డబ్బాలు చేస్తారక్కడ. ఉన్నది ఇద్దరే, ఆవిడా, మూడు నెలల కింద చేరిన టావిష్. పొద్దున్నే వచ్చి టావిష్ చేసే మొదటి పని కిటికీ తెరిచి బల్లల మీద పిట్టల రెట్టలు తుడవడం. రెండోది టీ పెట్టడం.

పిట్టలంటే ప్రోగ్రాము వదిలే పిట్టలే. పరీక్షకు పెట్టిన యంత్రం తానేం చేస్తోందో ఎప్పటికప్పుడు చెప్పాలని సి భాషలో లాగ్ లైన్లు రాస్తారు కదా, అలాంటి లైను నడిచినప్పుడల్లా డబ్బాలోంచి ఒక పిట్ట బయటికొచ్చి, తన ఒక్క ముక్కా చెప్పేసి, ఎక్కడో ఒకచోట వాలుతుంది. మామూలు కబురైతే గోధుమరంగు, జాగ్రత్త అంటే పసుపు, కొంప మునిగేదైతే ఎరుపు. టావిష్ ఇంతకు ముందు పనిచేసిన చోట ఈ లాగ్ లైన్ల కోసం చాలా పెద్ద లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, వాడేవాళ్లు. లైనుకో గూడబాతు వచ్చేది, మనిషి కూర్చోడానికి చోటుండేది కాదు. రోజ్లిన్ సొంతంగా రాసుకున్న లైబ్రరీ మొత్తం రెండు వందల లైన్లు, ఆవిడ పిట్టలు బొటనవేలంత. చిన్న డబ్బాకి అంతకంటే ఎందుకని ఆవిడ వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఆ గురువారం ఒక డబ్బా గ్వెండాకి అప్పగించాలి. గ్వెండా డోవర్ దగ్గర సాల్మన్ చేపపిల్లల్ని పెంచుతుంది. కిందటి వేసవిలో నీటి పంపు ఆగిపోయి ముప్పై వేల పిల్లలు ఒక్క పూటలో ఊపిరాడక తేలిపోయాయి. కొత్త డబ్బా చెయ్యాల్సింది ఒక్కటే, పంపు ఆగిన మరుక్షణం ఆక్సిజన్ వాల్వ్ తెరవాలి. ఈసారీ పిల్లలు పోతే తొట్లు అమ్మేసి బేకరీలో పనికి చేరతానని ఆవిడ ఊళ్లో అందరికీ చెప్పేసింది.

వారమంతా బాగానే నడిచింది. బకెట్లో పెట్టిన చిన్న పంపు వైరు పీకినప్పుడల్లా వాల్వ్ టక్కున తెరుచుకునేది, ఎర్రపిట్ట ఒకటి వచ్చి "వాల్వ్ తెరిచాను, సరే" అనేది. ఆ ముక్క రాసింది టావిషే కాబట్టి, విన్న ప్రతిసారీ అతనికి ప్రాణం లేచొచ్చేది.

ఇక ఆఖరి బిల్డ్, అంటే డబ్బాలోకి ఎక్కించే అసలు ప్రోగ్రాము తయారుచెయ్యడం, మిగిలింది. డబ్బాలో మెమరీ తక్కువ, కబుర్లకు చోటు లేదు. ఒక్క స్విచ్ వేస్తే లాగ్ లైన్లన్నీ అసలు రాయనట్టే మాయమైపోతాయి, వాటి పిట్టలు కిటికీలోంచి నది మీదికి వెళ్లిపోతాయి. గదిలో పిట్ట అన్నది లేకుండా పోయాకే డబ్బాకి మూత బిగించాలి, అది ఆ ఆఫీసు ఆచారం.

టావిష్ స్విచ్ వేశాడు. పిట్టలు బిలబిలా లేచి వెళ్లిపోయాయి. గ్వెండా బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

"అయిందా? బండిలో మేత బస్తాలున్నాయి, వానొస్తే తడుస్తాయి," అంది.

"ఒకటి మిగిలింది," అన్నాడు టావిష్.

ఎర్రపిట్ట. వాల్వ్ మీద కూర్చుని దాన్ని ముక్కుతో పొడుస్తోంది. టావిష్ తువ్వాలుతో తోలాడు. అది షెడ్డంతా ఒక చుట్టు చుట్టి మళ్లీ అక్కడే వాలింది.

"బిస్కెట్ ముక్క చూపించు, వస్తుంది," అంది గ్వెండా.

"తోలకు దాన్ని," అంది రోజ్లిన్. "కబురు చెప్పడం తప్ప వేరే పని లేనివన్నీ పోయాయి. దీనికింకేదో పనుంది. ఆ వైరు పీకు."

టావిష్ పీకాడు. బకెట్లో పంపు ఆగింది. ముగ్గురూ వాల్వ్ వైపు చూశారు. వాల్వ్ తెరుచుకోలేదు.

గ్వెండా కప్పు కింద పెట్టింది. "ఇదా నేను ఇంటికి పట్టుకెళ్లబోయింది?"

టావిష్ తను రాసిన లైను తెరిచి చూశాడు. వాల్వ్ తెరిచే ఆజ్ఞకు వేరే లైనెందుకులే అని, దాన్ని తీసుకెళ్లి ఆ కబురు లైను లోపలే పెట్టాడు. తెరవడమూ, తెరిచానని చెప్పడమూ అంతా ఒకే లైను. కబుర్లు తీసేసేసరికి దాంతోపాటు పనీ పోయింది.

"నేనే పెట్టాను, రోజ్లిన్," అన్నాడు.

"చూస్తున్నాగా. ముప్పై ఏళ్ల కింద నేనూ ఇలాగే పెట్టాను. అప్పట్లో పిట్టల్లేవు, ఒక పడవ బండరాళ్ల మీదికెక్కాక తెలిసింది."

"ఒక్క లైను పొదుపు కోసం నా పిల్లల్ని చంపేవాడివే," అంది గ్వెండా. "నీ అంత పిసినారిని ఎక్కడా చూళ్లేదు."

వాల్వ్ తెరిచే ఆజ్ఞను టావిష్ విడి లైనుగా పైన రాశాడు, కబురు దాని కింద. మళ్లీ బిల్డ్ చేశాడు. ఎర్రపిట్ట రెక్కలు దులుపుకుని కిటికీ దాటింది. వైరు పీకితే చెప్పడానికి ఎవరూ రాలేదు గానీ వాల్వ్ టక్కున తెరుచుకుంది. గ్వెండాకి నమ్మకం కుదరక ఇంకో ఆరుసార్లు పీకించింది. ఆ తర్వాతే మూత బిగించారు.

రెండు వారాల తర్వాత సోమవారం ఆవిడ ఫోన్ చేసింది.

"నిన్న పంపు ఆగింది టావిష్."

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వాల్వ్ తెరుచుకుందా? చూశావా?"

"నేనెక్కడ చూశాను? సిగ్నెట్‌లో మా అక్క ఇంట్లో కేకు తింటున్నాను. పిల్లలు పోయినప్పట్నుంచి పని మీద తప్ప తొట్లు వదిలి గడప దాటలేదు నేను. నిన్ననే వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే పంపు చల్లగా పడుంది, తొట్లనిండా బుడగలు, పిల్లలన్నీ మేత కోసం నోళ్లు తెరుచుకుని పైకొచ్చాయి."

టావిష్‌కి గుండెల మీద కుంపటి దించినట్టయింది. కళ్లు తుడుచుకున్నాడు.

"ఉన్నావా?" అంది గ్వెండా. "వచ్చే ఆదివారమూ వెళ్తున్నాను."