గుట్ట మీద పలకని మాట

ఆట ఉన్న రోజు పండరి తెల్లవారకముందే లేచి ముఖాలకు పూసే రంగులు నూరుకునేవాడు. బాన్సువాడ చుట్టుపక్కల నాటకం ఆడించాలంటే అతనే. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో అంతా అతను చెప్పినట్టే జరగాలి. ఇంట్లో కూడా అట్లాగే జరగాలనుకున్నాడు, అక్కడే చెడింది. పిల్లలు లేరని, రెండో పెళ్ళి చేసుకుంటానని అన్నాడో లేదో, పెళ్ళాం సావిత్రమ్మ బీర్కూర్‌లో తల్లిగారింటికి వెళ్ళి కూర్చుంది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆవుల రోగం తగ్గితే గుట్ట మీద ఒక సంసారం కథ ఆడిస్తానని తండా పెద్ద రూప్‌సింగ్ మొక్కుకున్నాడు. రోగం తగ్గింది, ఆట పండరికి అప్పగించాడు. చిరుతపులుల భయానికి పగలే ఆడాలి. కాలు పెడితే బండలు చుర్రుమంటాయి, గాలికి తెర నిలవదు, తాగే నీళ్ళు కూడా కిందినుంచి మోసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద తిప్పలు వేరే ఉంది. ఆ గుట్ట మీద మనసులో లేని మాట పలికితే చప్పుడు రాదు. పెదాలు ఆడతాయి, అంతే. దాన్నెవరూ వింత అనుకోరు. గొర్రెల బేరాలు మాత్రం గుట్ట దిగాకే చేస్తారు. అందుకని అక్కడ ఆటంటే, గుట్ట సగంలో, ఆ గుణం లేని ఒక బండ కింద వంత పలికేవాళ్ళు నిలబడి మాటలు చెప్పాలి, పైన వేషగాళ్ళు నోళ్ళు ఆడించాలి.

పండరి కట్టిన కథలో మొగుడు అలిగిపోయిన పెళ్ళాన్ని బతిమాలి తెచ్చుకుంటాడు. మొగుడి వేషం తనది, పెళ్ళాం వేషం జట్టులో ఆడవేషాలు కట్టే బ్రహ్మానందానిది. చూడడానికి రమ్మని సావిత్రమ్మకు కబురు పెట్టాడు. నలుగురిలో తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఒప్పుకోనట్టూ ఉంటుంది. మాట వంతవాళ్ళది కదా! తన తెలివికి తానే మురిసిపోయాడు.

సావిత్రమ్మ వచ్చి, అత్త పోసవ్వ పక్కన కూర్చుంది. పండరి బ్రహ్మానందం ముందు చేతులు జోడించి పెదాలు ఆడించాడు. "తప్పైంది, ఇంటికి రా" అని కింద వంత పలికింది. జనం మెచ్చుకున్నారు.

సావిత్రమ్మ లేచింది.

"వంతోల్లను ఆపుమను. గా చీర కట్టిన మొగోనికి గాదు, నాకు చెప్పు. నీ నోటితోని చెప్పు."

రూప్‌సింగ్ చెయ్యెత్తి వంత ఆపించాడు. పండరి ఆమె వైపు తిరిగాడు. "తప్పైంది" అన్నాడు. చప్పుడు లేదు. మళ్ళీ అన్నాడు. గాలి తప్ప ఏమీ వినబడలేదు. చెమటకు రంగు కారి మెడ మీదికి దిగింది. భయం వేసింది, సిగ్గు వేసింది, ఆమె వెళ్ళిపోతుందేమోనన్న దిగులు అన్నిటినీ మించిపోయింది.

"హకీం చెప్పిండు" అన్నాడు చివరికి. ఈసారి గొంతు బండలకు తగిలి మోగింది. "కొదువ నీతాన లేదు, నాతాన్నే ఉంది. ఎరుకుండి గూడ నిన్నే గొడ్రాలన్న. తప్పైంది, సావిత్రీ."

ఆ మాట చిట్టచివర కూర్చున్న ముసలివాళ్ళకు కూడా వినబడింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"పో బిడ్డా, మొగడు గింత దిగొచ్చినంక ఇగ ఏం గావాలె" అంది పోసవ్వ.

సావిత్రమ్మకూ అట్లాగే అనిపించింది. కొంగు సర్దుకుని, మొగుడి కళ్ళలోకి చూసి, "వస్త" అంది.

పెదాలు ఆడాయి. చప్పుడు రాలేదు.

అందరికంటే ఎక్కువ నివ్వెరపోయింది ఆమే. ఇంకోసారి అనబోయి మానుకుంది. మెల్లగా బండలు దిగి బీర్కూర్ దారి పట్టింది.

పోసవ్వ లబలబలాడుతూ కొడుకు భుజం కుదిపింది. "చూస్తవేందిరా, ఆపు!"

"ఆపనవ్వా" అన్నాడు పండరి. "ఆమె ఇష్టం."

ఆ మాట గుట్టంతా వినబడింది.