పెట్టె దించాకే మాట

బసవయ్య బొగ్గులు రాజేసి ఇస్త్రీపెట్టెలో పోశాడు. మూత వేసి నాలుగుసార్లు ఊపాడు. తడి వేలితో అడుగు తాకితే చుయ్‌మంది. మొదటి చొక్కా పరిచాడు. కాలరు, భుజం, చెయ్యి. చొక్కా చేతి కింద ఉన్నంతసేపు అతనికి పటమట వీధిలో ఇంకేమీ లేనట్టే.

అపార్టుమెంటు మెట్లు దిగి ఉషశ్రీ వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, ఎప్పుడూ తొందర. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "బసవయ్యా, ఆ నీలం చీర..." అని, అంతలోనే ఫోనులో "ఆఁ, చెప్పండి మేడమ్" అంది. బసవయ్య పెట్టె దించి, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటయ్యా, పలకవు? చెవుడు మీ ఆవిడకా, నీకా?"

"ఆ మేడమ్‌తో అయ్యాక చెప్పండమ్మా. ఇక్కడే ఉంటాను."

ఉషశ్రీ నవ్వేసి ఫోను పెట్టేసింది. చీర సాయంత్రానికి కావాలి. అంతే సంగతి.

ఈ పద్ధతి అతనికి ఎవరూ నేర్పలేదు. కాలి నేర్చుకున్నాడు.

ఆరేళ్ల కిందట భార్య రామతులసి పిలిస్తే పలకడం మానేసింది. పొగరనుకున్నాడు. బట్టలు రుద్దుతూ, వెనక్కి తిరక్కుండానే తిట్టాడు. ఒక రోజు కాదు, రెండేళ్లు. ఒక మధ్యాహ్నం పెట్టెలోంచి నిప్పు ఎగిరి ఆమె కొంగు మీద పడింది. "తులసీ, కొంగు!" అని వీధి అదిరేలా అరిచాడు. రెండడుగుల దూరంలో ఆమె తాపీగా మూట కడుతూనే ఉంది. ఉత్త చేతులతో నిప్పు నలిపాడు. ఆమె ఉలిక్కిపడి తిరిగినప్పుడు అర్థమైంది. పొగరు ఎవరిదో కూడా అర్థమైంది.

డాక్టరు చెవికి మిషను ఇచ్చాడు. అందులో హారన్లు వినపడ్డాయి, మాటలు వినపడలేదు. పెదాలు చూస్తే మాత్రం ఆమెకు ఒక్క ముక్క పోదు. అప్పట్నుంచి బసవయ్య పెట్టె దించుతాడు, ఎదురుగా వెళ్తాడు, ఆమె చూసేదాకా ఆగుతాడు. అప్పుడే నోరు తెరుస్తాడు. తిట్టడానికి ఇంత శ్రమ దండగనిపించి తిట్లు మానేశాడు.

తప్పు ఒప్పుకోవడానికి మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారీ పెట్టె దించలేదు.

ఇవాళ ఆమె కూచిపూడి వెళ్తోంది. కూతురు సింధూరికి రెండో కాన్పు. మూడు నెలలు రాదు. ఉన్నది బటన్ల ఫోను, అందులో పెదాలు కనపడవు. చెప్పేదేదో బస్సు కదిలేలోపే చెప్పాలి.

పొద్దున్నుంచి మూడుసార్లు పెట్టె దించాడు. మొదటిసారి "సున్నుండలు సర్దావా?" అన్నాడు. రెండోసారి "గొడుగు?" అన్నాడు. మూడోసారి ఆమే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏవయ్యా, బొగ్గులు ఆరిపోతున్నాయి. చెప్పేదుంటే చెప్పు, లేకపోతే రుద్దు."

రుద్దాడు.

బస్టాండులో హారన్లు, మైకు, సమోసాల కేకలు. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. రామతులసి కిటికీ పక్కన కూర్చుంది. బసవయ్య కింద ఎదురుగా నిలబడి, ఆమె చూసేదాకా ఆగాడు. ఉత్త పెదాలు కదిపాడు.

"ఆ రెండేళ్లు ఊరికే తిట్టాను. తప్పు నాది."

అంత గోలలో ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.

"ఏం తిట్టావో నాకేం తెలుసయ్యా, వినపడితేగా!" అని పకపకా నవ్వింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు. నవ్వు ఆగాక కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రెండేళ్లు నీ వీపే చూశాను. తర్వాతే మొహం చూపించావు. పర్లేదు, బాగానే ఉన్నావు."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా అతను ఆమె మొహమే చూశాడు.

పటమట తిరిగొచ్చి, ఇస్త్రీబండి దగ్గర చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. బస్టాండు దాకా పోయి వచ్చినా కాలికి తెలియనేలేదు. నడివీధిలో ఒక్కడే పగలబడి నవ్వాడు.

కుడి చెప్పు అతనిదే. ఎడమది రామతులసిది. చిన్నది, మడమ దగ్గర అరిగింది, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.